'స' చెవిలో గుచ్చుకోకుండా: పాట రికార్డింగులో ఊష్మాక్షరాలను అదుపు చేసే పద్ధతి

తిరుపతిలోనూ చిత్తూరులోనూ ఇంట్లో ఒక గదిని ఖాళీ చేసుకొని, ఒక కండెన్సర్ మైకు, ఒక ఆడియో ఇంటర్‌ఫేస్ పెట్టుకొని భక్తిపాటలు రికార్డు చేసుకునేవారు ఈ మధ్య చాలామంది అయ్యారు. వారు నన్ను పదే పదే అడుగుతున్న ప్రశ్న ఒకటే: "గొంతు బాగానే పడింది, కానీ 'శ్రీనివాసా' అన్నప్పుడల్లా ఇయర్‌ఫోన్లో సూది దిగినట్టు ఉంటోంది. డీ-ఎస్సర్ వేస్తే మాట మొద్దుబారిపోతోంది. ఏం చేయాలి?"

డీ-ఎస్సర్ అంటే శ, ష, స వంటి ఊష్మాక్షరాల పదును లేచినప్పుడల్లా దాన్ని నొక్కే ప్లగిన్ (రికార్డింగు సాఫ్ట్‌వేర్లో చేర్చుకునే పనిముట్టు). అది చిట్టచివర వేయవలసిన మందు. మైకు ముందు కొంత, చేత్తో కొంత సరిచేసుకొని, మిగిలిన కొద్దిపాటి పదునును మాత్రమే దానికి అప్పగించాలి. పైగా ప్లగిన్లతో వచ్చే ప్రీసెట్లు (సిద్ధంగా ఉండే అమరికలు) మన శ, ష, స ల తేడాను ఎరిగి చేసినవి కావు కనుక, ప్రతి మీటనూ మన అక్షరాలతోనే సరిచూసుకోవలసి ఉంటుంది. ఆ పనిని మొదటి నుంచి చివరి దాకా వరుసగా చెబుతాను.

1. ఏ అక్షరం ఎక్కడ కొడుతోందో ముందు తెలుసుకోండి

'స' పలికేటప్పుడు నాలుక ముందు భాగానికీ పై పళ్ళ వెనుక భాగానికీ మధ్య మిగిలిన సన్నని సందులోంచి గాలి దూసుకొచ్చి పళ్ళ అంచును తాకుతుంది. ఆ ఒరిపిడి శబ్దంలోని బలం ఎక్కువగా 5 నుంచి 9 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటుంది. మగ గొంతులో అది ఆ పరిధి అడుగు భాగానికి, ఆడ గొంతులో పై భాగానికి మొగ్గుతుంది. పిల్లల గొంతులో 10 కిలోహెర్ట్జ్ దాకా పోవచ్చు. 'శ', 'ష' లు పలికేటప్పుడు నాలుక వెనక్కి జరిగి నోటి ముందు భాగంలో ఖాళీ పెరుగుతుంది కనుక, వాటి బలం కిందికి దిగి సుమారు 2.5 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్యకు చేరుతుంది.

అసలు చిక్కంతా ఈ తేడాలోనే ఉంది. 7 కిలోహెర్ట్జ్ దగ్గర పెట్టిన డీ-ఎస్సర్ 'స' ను పట్టుకుంటుంది గానీ, 'శేషాద్రి' లోని రెండు ఊష్మాలనూ దాదాపుగా వదిలేస్తుంది. వాటిని కూడా పట్టుకోవాలని దానిని 3 కిలోహెర్ట్జ్‌కు దించితే, మాట స్పష్టంగా వినిపించేలా చేసే భాగం కూడా అక్కడే ఉంది కనుక, సాహిత్యం మొత్తం మసకబారుతుంది. అందుకని 'స' ను డీ-ఎస్సర్‌కు, 'శ', 'ష' లను చేతి పనికి పంచడం నా పద్ధతి.

'చ', 'జ' లను కూడా లెక్కలో వేసుకోవాలి. 'చంద్రుడు' లోని చకారం వెనుక 'శ' లాంటి ఒరిపిడి ఉంటుంది. 'చుక్క', 'చాలు', 'చూపు' లలోని దంత్య చకారం వెనుక 'స' లాంటి ఒరిపిడి ఉంటుంది. రాతలో ఒకే అక్షరమైనా మీటరు మీద రెండు చోట్ల కనిపిస్తుంది. 'లక్ష్మి', 'ఉత్సవం', 'తపస్సు' వంటి సంయుక్త, ద్విత్వాక్షరాలు వీటన్నిటికంటే మొండివి.

తెలుగు మాట సాధారణంగా అచ్చుతో ముగుస్తుంది. కనుక మన 'స' వెంట దాదాపు ఎప్పుడూ ఒక అచ్చు ఉంటుంది, పాటలో గమకమంతా నడిచేది ఆ అచ్చు మీదనే. డీ-ఎస్సర్ 'స' దగ్గర నొక్కి వెంటనే వదలకపోతే, దెబ్బ 'స' తో ఆగక దాని వెనకనున్న ఆకారానికి ('ఆ' అనే అచ్చుకు) కూడా తగులుతుంది. ఎంత త్వరగా వదలాలో నిర్ణయించే 'రిలీజ్' మీట గురించి కింద అంత పట్టుబట్టడానికి కారణం ఇదే.

పాట మొదలుపెట్టే ముందు గాయకులచేత ఒకే శ్రుతి మీద 'సా, శా, షా, చా, జా' లను ఒక్కొక్కటి మూడుసార్లు పలికించి, 20 సెకన్ల ముక్క రికార్డు చేయండి. దాన్ని స్పెక్ట్రమ్ ఎనలైజర్లో (ఏ కిలోహెర్ట్జ్ దగ్గర ఎంత బలం ఉందో చూపే ప్లగిన్లో) చూస్తూ ఒక్కొక్క అక్షరం దగ్గర గుట్టలా లేచిన చోటు ఏ అంకె మీద ఉందో నోటుబుక్కులో రాసుకోండి. మున్ముందు వచ్చే మీటలన్నిటికీ ఈ అంకెలే ఆధారం.

2. మైకు ముందే సగం పని తీర్చుకోండి

మన ఇళ్ళలో గదులు నున్నని టైల్సు లేదా గ్రానైటు నేల, సిమెంటు గోడలు, పైన స్లాబు. 'స' లాంటి పై స్థాయి (ఎక్కువ కిలోహెర్ట్జ్) శబ్దం వీటన్నిటి మీద పడి తిరిగి మైకులోకే వస్తుంది. గాయకుల వెనుక, రెండు పక్కల దళసరి బొంతలు వేలాడదీయండి. నేల మీద పరుపు గానీ జంపఖానా గానీ పరచండి. పల్చటి కర్టెన్లతో సరిపెట్టకండి. అవి పై శబ్దాన్ని కొంత తినేసి కింది గుమగుమను అలాగే వదిలేస్తాయి. అప్పుడు గొంతు మూసుకుపోయినట్టుందని మీరు ఈక్యూలో (పై, కింది స్థాయిలను విడివిడిగా పెంచి తగ్గించే ప్లగిన్లో) ట్రెబుల్ పెంచుతారు, పెంచిన మరుక్షణం 'స' మళ్ళీ గుచ్చుతుంది.

మే నెలలో ఫ్యాను ఆపి గంటసేపు పాడించడం ఎంత కష్టమో మన ఊరివాళ్ళకు చెప్పనక్కరలేదు. నోరు ఎండిన కొద్దీ తడి ఆరిన నాలుక చప్పుళ్ళు, పదునైన ఊష్మాలు ఎక్కువవుతాయి. ప్రతి చరణానికీ మధ్య గోరువెచ్చని నీళ్ళు ఇవ్వండి, ఐదేసి నిమిషాలు ఫ్యాను వేయండి. రాత్రి పది దాటాక రికార్డింగు పెట్టుకుంటే వేడీ తగ్గుతుంది, వీధిలో హారన్లూ తగ్గుతాయి.

మైకు దూరం జానెడు ఉండాలి, అంటే 20 సెంటీమీటర్లకు అటూ ఇటూగా. ఇంతకంటే దగ్గరైతే పళ్ళ మధ్య నుంచి వచ్చే గాలి ధార నేరుగా మైకులోని పల్చటి పొర (డయాఫ్రమ్) మీద పడుతుంది. దూరం కంటే ముఖ్యమైనది కోణం. పై స్థాయి శబ్దం నోటి నుంచి టార్చిలైటు వెలుగులా ముందుకే పోతుంది, కింది స్థాయి శబ్దం మాత్రం అన్ని వైపులా విస్తరిస్తుంది. కనుక మైకును నోటికి సూటిగా పెట్టకుండా, ముక్కు ఎత్తులో ఉంచి కొద్దిగా కిందికి వంచి, 20 నుంచి 30 డిగ్రీలు పక్కకు తిప్పితే గొంతు నిండుదనం తగ్గకుండానే 'స' పదును తగ్గుతుంది. ఒకే పల్లవిని సూటిగా ఒకసారి, పక్కకు తిప్పి ఒకసారి రికార్డు చేసి పోల్చి చూడండి. ఆ తేడా విన్నవారు మళ్ళీ మైకును సూటిగా పెట్టరు.

పాప్ ఫిల్టర్ 'ప', 'బ', 'భ' ల గాలి దెబ్బను ఆపుతుందే గానీ 'స' ను ఆపదు. అది తీసివేయమని కాదు, దాని మీద లేని ఆశ పెట్టుకోవద్దని చెప్పడం. మైకు ముందు నిలువుగా ఒక పెన్సిలును రబ్బరు బ్యాండుతో కట్టడం పాత ఉపాయం; గాలి ధారను చీల్చి కొంత మేలు చేస్తుంది, ఖర్చు లేదు కనుక ప్రయత్నించవచ్చు.

చాలా కండెన్సర్ మైకులు 5 కిలోహెర్ట్జ్ పైన కొంత పెంచి పట్టుకొనేలా తయారవుతాయి. సన్నని ఆడ గొంతుకు అలాంటి మైకు తోడైతే నిప్పుకు గాలి తోడైనట్టే. మీ దగ్గర మామూలు డైనమిక్ మైకు ఉంటే దానితో కూడా ఒక పల్లవి పాడించి చూడండి, నామోషీ పడకండి.

గాయకులతో మాట్లాడేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. సంగీత కళాశాలలో చదువుకున్నవారికి శ, ష, స ల తేడా ప్రాణంతో సమానం. "ఆ అక్షరం మెల్లగా పలకండి" అంటే 'శ' ను 'స' గా మార్చమంటున్నారేమో అనుకుంటారు. "అక్షరం అదే ఉండనివ్వండి, ఊష్మాన్ని ఈడ్చకుండా వెంటనే అచ్చులోకి వెళ్ళండి" అని అడగండి.

రికార్డింగు బటన్ నొక్కే ముందు:
- 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ ఎంచుకున్నారా?
- గట్టిగా పాడిన చోట మీటరు -10 డెసిబెల్ దగ్గరే ఆగుతోందా?
- మైకు జానెడు దూరంలో, పక్కకు తిరిగి ఉందా? నేల మీద గాయకులు నిలబడే చోట టేపుతో గుర్తు పెట్టారా?
- 20 సెకన్ల అక్షర పరీక్ష రికార్డయిందా?
- ఇంటర్‌ఫేస్‌లోనో మైకు మీదనో ట్రెబుల్ పెంచే స్విచ్ ఏదీ ఆన్‌లో ఉండిపోలేదు కదా?

3. ప్లగిన్ల వరుస

వరుస తప్పితే మంచి ప్లగిన్ కూడా పనిచేయదు. నేను పాటించే క్రమం ఇది:

- ముందు టేకుల ఎంపిక, కత్తిరింపు, అతుకులు.
- చేత్తో ఊష్మాల స్థాయి తగ్గించడం.
- చేత్తో ఊష్మాల స్థాయి తగ్గించడం.
- ముక్కు శబ్దం, డబ్బా శబ్దం వంటివి తగ్గించే ఈక్యూ.
- కంప్రెసర్, అంటే ఒక గీత దాటిన గట్టి శబ్దాన్ని నొక్కి స్థాయిని సర్దే ప్లగిన్.
- డీ-ఎస్సర్.
- మెరుపు కోసం పై స్థాయి పెంచే ఈక్యూ, అవసరమైతేనే.
- రివర్బ్ (మండపపు మోత), డిలే (ప్రతిధ్వని) లకు వేరే దారి, ఆ దారిలో మరొక డీ-ఎస్సర్.

చేతి పని కంప్రెసర్‌కు ముందే ఎందుకంటారా? కంప్రెసర్ ఎక్కువగా అచ్చుల బలానికి స్పందిస్తుంది. ఆకారం గట్టిగా వచ్చినప్పుడు దాన్ని నొక్కుతుంది. మీటరు మీద చిన్నగా కనిపించే 'స' దాని గీత దాటదు కనుక తప్పించుకుంటుంది. తరువాత మీరు మేకప్ గెయిన్‌తో మొత్తం స్థాయిని 6 డెసిబెల్ పెంచితే, నొక్కబడిన ఆకారం ఉన్న చోటనే ఉంటుంది, నొక్కబడని 'స' మాత్రం 6 డెసిబెల్ పైకి లేస్తుంది. "రికార్డింగులో బాగుంది, మిక్సింగులో పాడైంది" అనే ఫిర్యాదుల్లో సగానికి మూలం ఇక్కడే దొరుకుతుంది.

డీ-ఎస్సర్‌ను కంప్రెసర్‌కు ముందు పెట్టాలనేవారూ ఉన్నారు. ముందు పెడితే పాటలో గాయకుల స్థాయి మారినప్పుడల్లా దాని పని కూడా మారిపోతుంది. వెనక పెడితే స్థాయి అప్పటికే సర్దుకొని ఉంటుంది కనుక ఒకే అమరిక పాటంతటికీ సరిపోతుంది. ఈ కారణం చేతనే నేను వెనక పెడతాను.

4. చేతి పని

అందరూ దాటేసే మెట్టు ఇదే, అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చేదీ ఇదే. వేవ్‌ఫామ్‌ను బాగా దగ్గరకు లాగి చూడండి. అచ్చు ఉన్న చోట ఒకే రూపపు అలలు వరుసగా కనిపిస్తాయి. ఊష్మం ఉన్న చోట ఆ వరుస చెదిరి, సన్నని వెంట్రుకలు దట్టంగా మొలిచిన గొంగళిపురుగులా కనిపిస్తుంది. ఒకటి రెండు పాటలు చేశాక వినకుండానే, కంటితోనే గుర్తు పడతారు.

'శ్రీనివాసా' అన్న ఒక్క మాటను ఉదాహరణగా తీసుకుందాం. ఒక గాయని విలంబ కాలంలో పాడిన టేకులో మొదటి 'శ' సుమారు 90 మిల్లీసెకన్లు, 'వా' తరువాతి 'స' సుమారు 130 మిల్లీసెకన్లు ఉంది. మాట మొదట్లో ఉన్న 'శ' కొంచెం గట్టిగా ఉన్నా చెవి ఒప్పుకుంటుంది, నామం తెలిసేది దానితోనే. దానిని 2 డెసిబెల్ మాత్రం తగ్గించాను. రెండు ఆకారాల మధ్య ఇరుక్కున్న 'స' కు అటూ ఇటూ మెత్తని శబ్దం ఉంది కనుక అది ఎక్కువ పొడుచుకొని వస్తుంది; దానిని 5 డెసిబెల్ తగ్గించవలసి వచ్చింది. ఒకే మాటలో రెండు ఊష్మాలకు రెండు లెక్కలు అన్నమాట. ఈ వివేకం ఏ ప్లగిన్‌కూ ఉండదు.

చేసే విధానం:

- ఊష్మం మొదలు నుంచి చివరి దాకా ఎంచుకొని, దాని రెండు చివరలా క్లిప్పును విడదీయండి, లేదా మీ సాఫ్ట్‌వేర్లో క్లిప్పు స్థాయిని మార్చే క్లిప్ గెయిన్ గీత ఉంటే దాని మీద నాలుగు చుక్కలు పెట్టండి.
- 'స' అయితే 3 నుంచి 6, 'శ', 'ష' లైతే 2 నుంచి 4 డెసిబెల్ తగ్గించి వినండి.
- రెండు అతుకుల దగ్గరా 5 నుంచి 10 మిల్లీసెకన్ల ఫేడ్ (స్థాయి మెల్లగా మారే అంచు) ఇవ్వండి. లేకపోతే టిక్కుమనే చప్పుడు వస్తుంది.
- అచ్చు మొదలయ్యే అంచును తాకకండి. 'సా' లో ఆకారం పుట్టే క్షణమే అక్షరానికి జీవం.
- ఆ అక్షరాన్ని ఒంటరిగా విని తీర్పు చెప్పకండి. పాదం మొదటి నుంచి, తంబురా, తబలాలతో కలిపి వినండి.

ఇక్కడ ఫేడర్ ఆటోమేషన్ (ట్రాకు స్థాయి మీటను దానంతట అదే కదిలేలా చేయడం) వాడకూడదు. ఫేడర్ ప్లగిన్లన్నిటికీ తరువాత పనిచేస్తుంది, క్లిప్ గెయిన్ వాటికి ముందు పనిచేస్తుంది. మనకు కావలసింది కంప్రెసర్‌కు చేరేలోగా తగ్గడం.

నాలుగు నిమిషాల పాటకు ఈ పని నాకు ముప్పావు గంట పడుతుంది. నామావళి అయితే చెప్పనక్కరలేదు, శ్రీకారం లేని పాదం ఉండదు. అయినా వరుసగా నలభై నిమిషాలకు మించి కూర్చోవద్దు. చెవి అలసిపోయాక 'స' మెత్తగానే వినిపిస్తుంది, మర్నాడు ఉదయం వింటే గుండె గుభేలుమంటుంది. ఒకే పదం పాటంతా తిరిగి వస్తుంటే ఒక చోట సరిచేసిన టేకునే అన్ని చోట్లా అతికించే దగ్గరదారి ఉంది గానీ, కీర్తనల్లో ప్రతి ఆవృత్తానికీ సంగతి మారుతుంది కనుక నేను ఆ పని చేయను.

5. డీ-ఎస్సర్, ఒక్కొక్క మీట

ముందుగా 'లిసన్' లేదా 'మానిటర్' అనే బటన్ నొక్కండి. ఇప్పుడు డీ-ఎస్సర్ దేన్ని పట్టుకోబోతోందో అది మాత్రమే వినిపిస్తుంది.

ఫ్రీక్వెన్సీ: మొదటి మెట్టులో నోటుబుక్కులో రాసుకున్న 'స' అంకె దగ్గర పెట్టండి. మీటను అటూ ఇటూ తిప్పుతూ, ఉస్సుమనే శబ్దం అత్యంత చిరాకు కలిగించే చోట ఆగండి. అక్కడ అచ్చులు కూడా వినబడుతుంటే బాగా కిందికి దిగారని గుర్తు. మగ గొంతుకు 5.5 నుంచి 6.5, ఆడ గొంతుకు 7 నుంచి 8.5 కిలోహెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టవచ్చు, కానీ మీ కొలత వేరే చెబితే మీ కొలతనే నమ్మండి.

స్ప్లిట్ లేదా వైడ్: 'వైడ్' పద్ధతిలో ఊష్మం రాగానే మొత్తం గొంతు స్థాయి తగ్గుతుంది, 'స్ప్లిట్' లో ఆ పై పట్టీ మాత్రమే తగ్గుతుంది. ఒంటరి గొంతు, తంబురా తప్ప మరేమీ లేని పద్యానికి వైడ్ సహజంగా ఉంటుంది, ఎందుకంటే అక్షరం రంగు మారదు. వాద్యాలు నిండుగా ఉన్న పాటకు స్ప్లిట్ మేలు.

థ్రెషోల్డ్ (తగ్గింపు మొదలయ్యే గీత): పాటలో అన్నిటికంటే పదునైన 'స' ఉన్న పాదాన్ని లూప్‌లో పెట్టి, మీటను మెల్లగా దించండి. మామూలు 'స' దగ్గర 2 నుంచి 4, మరీ పదునైన చోట 6 డెసిబెల్ తగ్గింపు మీటరు మీద కనిపిస్తే చాలు. అచ్చుల మీద సూది కదలకూడదు. 8 దాటుతోందంటే డీ-ఎస్సర్‌ను వదిలి చేతి పని దగ్గరకు వెనక్కి వెళ్ళండి. 'రేంజ్' అనే మీట ఉంటే దాన్ని 6 దగ్గర కట్టివేయండి. ఎంత పొరపాటు జరిగినా అంతకు మించి నొక్కదు.

అటాక్, రిలీజ్: అటాక్ అంటే నొక్కడానికి పట్టే సమయం, అది 1 మిల్లీసెకనుకు మించకూడదు, లేకపోతే ఊష్మం మొదటి మొన తప్పించుకొని, వెనక భాగమే తగ్గి, 'స' కాస్తా 'త్స' లా వినిపిస్తుంది. శబ్దాన్ని ముందుగానే చూసుకొనే లుక్-అహెడ్ ఉంటే 1 లేదా 2 మిల్లీసెకన్లు ఇవ్వండి. రిలీజ్ 20 నుంచి 40 మిల్లీసెకన్లు చాలు. 100 పెట్టి 'వాసా' అన్న మాట వినండి: చివరి ఆకారం నోటికి పైట చెంగు అడ్డం పెట్టుకొని పాడినట్టు మొదలై, ఆ తరువాత తెరుచుకుంటుంది. వెంటనే 30కి దించి మళ్ళీ వినండి. ఈ తేడా ఒకసారి చెవికి పట్టిందంటే రిలీజ్ ఎక్కడ పెట్టాలో ఇంకెవరూ చెప్పనక్కరలేదు.

ఒకే డీ-ఎస్సర్‌తో 6 డెసిబెల్ లాగడం కంటే, రెండింటిని వరుసగా పెట్టి ఒక్కొక్క దానితో 2 లేదా 3 లాగితే జాడ తెలియదు.

6. ప్రత్యేకమైన డీ-ఎస్సర్ లేకపోతే

లాజిక్ ప్రో, క్యూబేస్, అడోబ్ ఆడిషన్ లలో డీ-ఎస్సర్ లోపలే ఉంటుంది. రీపర్ వాడేవారు దానితోనే వచ్చే రియాకాంప్ అనే కంప్రెసర్‌ను ఆ పనికి మలచుకోవచ్చు. అందులో హై-పాస్, లో-పాస్ అనే రెండు మీటలు కంప్రెసర్ 'వినే' శబ్దాన్ని మాత్రమే వడపోస్తాయి, బయటకు వచ్చే పాటను కాదు. హై-పాస్ 5,000, లో-పాస్ 9,000 దగ్గర పెట్టి, ప్రివ్యూ ఫిల్టర్ పెట్టెలో టిక్కు పెట్టి ఊష్మమే వినిపిస్తోందని నిర్ధారించుకొని, టిక్కు తీసేయండి. రేషియో 4, అటాక్ 1 లోపు, రిలీజ్ 30, ఆర్ఎమ్ఎస్ సైజు 1 మిల్లీసెకను పెట్టి, పైన చెప్పినట్టు థ్రెషోల్డ్ దించండి. ఇది వైడ్ రకం డీ-ఎస్సర్ అవుతుంది. ప్రివ్యూ టిక్కు తీయడం మరిచిపోయి, పాట ఎందుకు పీలగా వస్తోందని అరగంట తల పట్టుకున్నవారిలో నేనూ ఒకడిని.

స్ప్లిట్ రకం కావాలంటే, ఉచితంగా దొరికే టీడీఆర్ నోవా అనే డైనమిక్ ఈక్యూ (శబ్దం గీత దాటినప్పుడే పనిచేసే ఈక్యూ) మంచిది. ఒక బ్యాండును 'స' అంకె మీద పెట్టి, థ్రెషోల్డ్‌ను ఆన్ చేసి, రిలీజ్ తగ్గించండి. రెండో బ్యాండును 'శ' అంకె మీద పెట్టి అతి స్వల్పంగా, 2 డెసిబెల్ మించకుండా వాడుకోవచ్చు. మల్టీబ్యాండ్ కంప్రెసర్ ఉన్నవారు పై బ్యాండును మాత్రమే పనిచేయించి ఇదే ఫలితం పొందవచ్చు.

7. రివర్బ్, జంట గొంతు, బృందం

గొంతులో 'స' అదుపులోకి వచ్చాక కూడా గాలిలో ఉస్సుమని తోక మిగిలితే, ఆ తోక రివర్బ్‌ది. గుడి మండపంలో పాడినట్టు ఉండాలని మనం రివర్బ్ ధారాళంగా పోస్తాం. ఒక్క 'స' దానిలో పడి రెండు సెకన్లు మోగుతుంది. రివర్బ్‌కు పంపే దారిలో, రివర్బ్ ప్లగిన్‌కు ముందు, ఇంకొక డీ-ఎస్సర్ పెట్టండి. ఇక్కడ 10 డెసిబెల్ నొక్కినా పరవాలేదు, అసలు గొంతు వేరే దారిలో ఉంది కదా. డిలేకు కూడా ఇదే.

ఒకే గొంతును రెండుసార్లు పాడించి కలిపినప్పుడు, రెండు 'స' లు ఒకే క్షణంలో పడవు; ముందూ వెనకా పడి పిడికెడు ఆవాలు నూనెలో వేసినట్టు చిటపటలాడతాయి. ప్రధాన గొంతులో ఊష్మాలను ఉంచి, రెండో గొంతులో వాటిని చేత్తో 10 నుంచి 15 డెసిబెల్ తగ్గించండి. ఆరుగురు కలిసి పాడే భజన బృందానికీ ఇదే ఉపాయం: ఒక్కరి ఊష్మం వినిపిస్తే చాలు, అందరూ పలికినట్టే ఉంటుంది.

8. తరచుగా జరిగే పొరపాట్లు, వాటి దిద్దుబాటు

తొలిరోజుల్లో ఒక పెద్దావిడ పాడిన ఎనిమిది కీర్తనలకు ఒకే డీ-ఎస్సర్ అమరిక పెట్టి, 12 డెసిబెల్ దాకా నొక్కి, రాత్రంతా విని, మెత్తగా ఉందని మురిసిపోయి పంపాను. మర్నాడు ఆవిడ ఫోను చేసి, "నాయనా, నేను నోట్లో వక్క పెట్టుకొని పాడానా?" అని అడిగారు. ఎనిమిదీ మళ్ళీ చేశాను. అప్పటి నుంచి ఒక పాట అమరికను రెండో పాటకు చూడకుండా అతికించలేదు.

- 'స' నాలుక మడతపడినట్టు, 'థ' లా వినిపిస్తోంది: తగ్గింపు ఎక్కువైంది. రేంజ్‌ను 4కు దించి, మిగిలింది చేత్తో చేయండి.
- ఊష్మం లేని చోట కూడా గొంతు మసకగా ఉంది: ఫ్రీక్వెన్సీ మరీ కిందికి ఉంది, లేదా థ్రెషోల్డ్ అచ్చులను తాకుతోంది. ఆకారం సాగదీసిన చోట మీటరు చూడండి.
- 'స' తగ్గింది, 'శ', 'ష' లు గుచ్చుతూనే ఉన్నాయి: డీ-ఎస్సర్‌ను కదపకండి, నాలుగో మెట్టులోకి వెళ్ళి వాటిని చేత్తో తగ్గించండి.
- డీ-ఎస్సర్ వేసినా తేడా లేదు: దాని తరువాతి ఈక్యూలో 8 కిలోహెర్ట్జ్ దగ్గర ఎంత పెంచారో చూడండి. ఒక చేత్తో తీసి రెండో చేత్తో పోస్తున్నారేమో.
- తాళం, మంజీరాల మెరుపు కూడా పోయింది: డీ-ఎస్సర్‌ను మొత్తం మిక్సు మీద వేశారు. గొంతు ట్రాకు మీద మాత్రమే వేయండి.
- వేసినప్పుడు బాగుంది అనిపిస్తోంది, కానీ నమ్మకం లేదు: బైపాస్ చేసి (ప్లగిన్ పనిని కాసేపు ఆపి) పోల్చేటప్పుడు రెండింటి స్థాయి సమానంగా ఉందో లేదో చూడండి. గట్టిగా ఉన్నదే బాగుందని చెవి చెబుతుంది.

9. పంపే ముందు వినవలసిన చోట్లు

స్పీకర్లలో తక్కువ స్థాయిలో ఒకసారి, మామూలు స్థాయిలో ఒకసారి వినండి. తరువాత చవక ఇయర్‌ఫోన్లో, ఫోను స్పీకర్లో. ఇవి రెండూ కింది స్థాయిని ఇవ్వలేవు కనుక ఊష్మాలు మరింత ముందుకు వస్తాయి. భక్తిపాట అయితే ఇంకొక పరీక్ష తప్పదు: వీధి చివర గుడి మీద ఉన్న హారన్ లౌడ్‌స్పీకర్. అది 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్య అరిచినట్టు మోగుతుంది, కనుక అక్కడ దొరికిపోయేది 'స' కంటే 'శ', 'ష' లు. పూజారిగారిని అడిగి పెన్‌డ్రైవు పెట్టించుకొని, నూరు అడుగుల దూరం నుంచి వినండి.

మాస్టరింగులో, అంటే మిక్సుకు చివరి మెరుగు పెట్టేటప్పుడు, లిమిటర్ (స్థాయి ఒక గీత దాటకుండా ఆపే ప్లగిన్) ఎక్కువగా నొక్కితే అచ్చులు అణిగి, తగ్గించిన ఊష్మాలు మళ్ళీ తల ఎత్తుతాయి. కనుక లిమిటర్ వేశాక తప్పకుండా మళ్ళీ వినండి. ఎంపీ3గా మార్చిన ఫైలును కూడా వినండి. తక్కువ బిట్‌రేటులో 'స' ఇసుక రాలినట్టు చెదురుతుంది. అలా జరిగితే 256 లేదా 320 కేబీపీఎస్‌కు మార్చి, ట్రూ పీక్‌ను (శబ్దం నిజంగా తాకే అత్యధిక స్థాయిని) -1 డెసిబెల్ దగ్గర ఆపండి.

- అన్ని ఊష్మాలూ వినబడుతున్నాయా, ఏదీ మాయం కాలేదు కదా?
- సాహిత్యం తెలియని మనిషికి వినిపిస్తే శ, స ల తేడా చెప్పగలిగారా?
- రివర్బ్ తోకలో ఉస్సు లేదు కదా?
- చేతి పనికి ముందున్న అసలు టేకును వేరే ఫోల్డరులో దాచారా?
- గాయకుల పేరు, మైకు, దూరం, కోణం, 'స', 'శ' అంకెలు, తగ్గించిన డెసిబెల్ నోటుబుక్కులో ఉన్నాయా?

ఆరునెలల తరువాత అదే గాయని రెండో సంపుటికి వస్తే ఈ పుట తెరవండి. అయితే అంకెలను నేరుగా వాడకుండా 20 సెకన్ల అక్షర పరీక్ష మళ్ళీ చేయించండి. ఈ మధ్యలో ఆవిడ పన్ను కట్టించుకొని ఉంటే 'స' ఉన్న చోటు మారిపోయి ఉంటుంది.